‘ఘాజీ’ సినిమా చూసి వైజాగ్ వెళ్తున్నారా? బీచ్ రోడ్డులో ఉన్న సబ్‌మెరైన్ ఘాజీని ముంచలేదు.. మరి అసలేం జరిగింది?

సెలవులు వచ్చాయంటే చాలు, హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మొదట వినిపించే పేరు వైజాగ్. పెద్దవాళ్లకు సింహాచలం, ఆడవాళ్లకు అరకు, పిల్లలకు బీచ్. ఆ లిస్టులో ఇప్పుడు సబ్‌మెరైన్ కూడా గట్టిగానే చేరింది. దానికి సగం కారణం ఫిల్మ్ నగర్. 2017 ఫిబ్రవరి 17న రిలీజైన ‘ఘాజీ’ సినిమా ఓటీటీల్లో, టీవీల్లో తిరుగుతూనే ఉంది. అది చూసి పెరిగిన పిల్లలు ఆర్కే బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన ఆ నల్లటి జలాంతర్గామిని చూడగానే అడిగే మొదటి మాట.. ‘నాన్నా, ఘాజీని పేల్చేసింది ఇదేనా?’

కాదు. అది ఘాజీ కాదు, ఘాజీని ముంచిందీ అది కాదు. అసలు ఘాజీ మునిగిన రోజుల్లో ఇది విశాఖ తీరంలోనే లేదు. ఒడ్డున ఉన్నది ఐఎన్ఎస్ కురుసుర. 1971 యుద్ధంలో అది గస్తీ తిరిగింది అవతలి వైపు, అరేబియా సముద్రంలో. ఘాజీ మాత్రం ఇప్పటికీ విశాఖ దగ్గరే ఉంది. బీచ్‌లో నిలబడి చూస్తే కనిపించే అదే సముద్రం అడుగున, తనలో ఉన్న 90 మందికి పైగా సిబ్బందితో పాటు.

ఈ తేడా తెలుసుకుని వెళ్తే విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న యుద్ధ స్మారకం, సబ్‌మెరైన్, విమాన మ్యూజియం వేరేగా కనిపిస్తాయి. తెలియకపోతే సెల్ఫీలు దిగి, మురీ మిక్చర్ తిని వచ్చేస్తారు. అందులో తప్పేం లేదు కానీ, టికెట్ డబ్బులకు దొరికే అసలు సరుకు మిస్ అయినట్లే.

సినిమాలో ఏముంది?

సంకల్ప్ రెడ్డి డైరెక్ట్ చేసిన తొలి సినిమా ఇది. విశాఖలోని సబ్‌మెరైన్ మ్యూజియమే ఆయనలో ఈ ఆలోచనకు బీజం వేసింది. ‘బ్లూ ఫిష్’ పేరుతో ఆయనే రాసుకున్న పుస్తకం ఆధారంగా కథ సిద్ధమైంది. రానా, తాప్సీ, కేకే మేనన్, అతుల్ కులకర్ణి నటించారు. తెలుగు వెర్షన్‌కు చిరంజీవి వాయిస్ ఓవర్ ఇచ్చారు. హిందీకి అమితాబ్ బచ్చన్, తమిళానికి సూర్య గొంతు కలిపారు. 65వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం కూడా ఇదే. సముద్రం లేని హైదరాబాద్ నుంచి ఇంత పక్కాగా ఒక సబ్‌మెరైన్ సినిమా రావడం ఆ రోజుల్లో ఇండస్ట్రీకే ఆశ్చర్యం.

ఇక కథ. ఎస్21 అనే మన సబ్‌మెరైన్ నీటి అడుగున ఘాజీని వెంటాడుతుంది. రెండూ ఒకదాని కోసం ఒకటి కాచుకుని, టార్పెడోలు వదులుకుంటాయి. చివరికి మనవాళ్లు గెలుస్తారు. థియేటర్‌లో విజిల్స్ పడిన సీన్లు అవే.

రికార్డుల్లో మాత్రం అలాంటి నీటి అడుగు పోరు లేదు. ఎస్21 అనే నంబరు నిజంగానే ఉంది. అది ఐఎన్ఎస్ కరంజ్‌ది. కానీ అది కూడా ఆ యుద్ధంలో అరేబియా సముద్రం వైపే ఉంది. విశాఖ కథలో మన వైపు హీరో సబ్‌మెరైన్ కాదు. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన ఒక పాత డిస్ట్రాయర్, కొన్ని దొంగ వైర్‌లెస్ సందేశాలు, మాట నమ్మించడంలో ఆరితేరిన ఒక అడ్మిరల్.

విక్రాంత్ ఎక్కడ? అదే అసలు ఆట

1971 నాటికి మన నేవీకి ఉన్న ఏకైక విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్. దాని బాయిలర్లలో పగుళ్లు వచ్చాయి. పూర్తి వేగంతో వెళ్లలేని పరిస్థితి. అందుకే పశ్చిమాన కరాచీ వైపు కాకుండా తూర్పు నౌకాదళానికి ఇచ్చారు. అప్పటి తూర్పు పాకిస్థాన్‌ను, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌ను, సముద్రం వైపు నుంచి దిగ్బంధం చేయాలంటే విక్రాంత్ కావాలి. దాన్ని ముంచేస్తే తూర్పున భారత నేవీ ప్లాన్ మొత్తం తలకిందులవుతుంది. పాకిస్థాన్‌కు ఇది బాగా తెలుసు.

అయితే కరాచీ నుంచి బయల్దేరి, శ్రీలంకను చుట్టి, బంగాళాఖాతంలోకి వచ్చి వేటాడగలిగే సత్తా పాకిస్థాన్ దగ్గర ఒక్క సబ్‌మెరైన్‌కే ఉంది. అదే పీఎన్ఎస్ ఘాజీ. నిజానికి అది అమెరికాది. పేరు యూఎస్ఎస్ డయాబ్లో. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో అమెరికా నేవీలో చేరింది. 1960లలో పాకిస్థాన్ చేతికి వచ్చింది. 1971 నవంబర్ 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో కరాచీ నుంచి బయల్దేరింది.

ఇక్కడ రంగంలోకి దిగారు వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్. అప్పట్లో విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ అధిపతి. విక్రాంత్‌ను ఆయన చడీచప్పుడు లేకుండా అండమాన్ దీవుల్లోని ఒక రహస్య స్థావరానికి పంపించేశారు. దానికి పెట్టిన కోడ్ పేరు పోర్ట్ ఎక్స్‌రే. ఆ తర్వాత మొదలైంది నాటకం. ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ను విశాఖ దగ్గర్లో తిప్పుతూ, ఒక పెద్ద యుద్ధనౌక నుంచి వచ్చినట్లుగా వైర్‌లెస్ సందేశాలు కుప్పలుగా పంపించారు. విక్రాంత్‌లో ఉన్న నావికుడు ఇంట్లో అమ్మ ఆరోగ్యం ఎలా ఉందో అడిగినట్లు ఒక మామూలు టెలిగ్రామ్ కూడా అందులో ఉంది. రేషన్, మాంసం, కూరగాయలు పెద్ద మొత్తంలో ఆర్డర్ ఇచ్చారు. ఊళ్లో కాంట్రాక్టర్ల నోట ఆ కబురు ఎటు పోవాలో అటే పోతుందని ఆయన లెక్క. తర్వాత రాసిన పుస్తకాల్లో ఈ ముచ్చట్లన్నీ కృష్ణనే చెప్పుకొచ్చారు.

అబద్ధానికి ఇంత ఖర్చు పెట్టిన సందర్భాలు యుద్ధ చరిత్రలో ఉన్నాయి కానీ, కూరగాయల లిస్టు కూడా ఆయుధం కావడం మాత్రం వినడానికే సరదాగా ఉంటుంది. ఘాజీ వైపు వాళ్లకు అది సరదా కాలేదు.

డిసెంబర్ 3 అర్ధరాత్రి ఏం జరిగింది?

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్థాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డ్‌లపై దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. అదే రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ హార్బర్ నుంచి బయటకు వచ్చింది. దారిలో నీటిపై ఏదో అలజడి కనిపించింది. సబ్‌మెరైన్ అయి ఉండొచ్చన్న అనుమానంతో రెండు డెప్త్ చార్జ్‌లు వదిలారు. డెప్త్ చార్జ్ అంటే నీళ్లలోకి వదిలే పీపా లాంటి బాంబు. ముందే సెట్ చేసిన లోతుకు వెళ్లగానే పేలుతుంది. నేరుగా తగలక్కర్లేదు, నీటి ఒత్తిడితోనే సబ్‌మెరైన్ పొట్ట పగలగొట్టగలదు.

డిసెంబర్ 4 తెల్లారకముందే, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, తీరంలో పెద్ద పేలుడు శబ్దం వినిపించింది. కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత నీటిపై చమురు తేలింది. స్థానిక జాలరులు సముద్రంలో దొరికిన కొన్ని వస్తువులను నేవీకి తెచ్చి అప్పగించారు. డైవర్లు దిగి చూసి, కింద ఉన్నది ఘాజీయే అని తేల్చారు. డిసెంబర్ 9న భారత్ ఆ విషయాన్ని ప్రకటించింది.

మరి ముంచింది ఎవరు? ఇక్కడే లెక్క తేలదు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జ్‌లే కారణమన్నది భారత నేవీ వైపు కథనం. ఘాజీ తాను పరిచిన మైన్‌ల మీదకు తానే వచ్చి ఉంటుందని, లేదా లోపలే పేలుడు జరిగి ఉంటుందని పాకిస్థాన్ వాదన. మన నేవీలో పనిచేసి రిటైరైన కొందరు అధికారులు కూడా లోపలి పేలుడు వాదనను పూర్తిగా కొట్టిపారేయలేదు. యాభై ఏళ్లు దాటినా ఇది ముడి వీడని చిక్కే.

లోపలి పేలుడు ఎలా సాధ్యం? దీనికి సమాధానం కురుసుర లోపలికి వెళ్తే దొరుకుతుంది. అందుకే ఆ మ్యూజియం చూడాలి.

కురుసుర లోపల: ఇనుప గొట్టంలో 75 మంది కాపురం

కురుసుర పొడవు 91.3 మీటర్లు. ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్‌ను అడ్డంగా పడుకోబెట్టినట్లు ఊహించుకోవచ్చు. వెడల్పు మాత్రం సుమారు 8 మీటర్లే. అది కూడా బయటి కొలత. జూబ్లీహిల్స్‌లో ఒక మోస్తరు ఇంటి హాలంత వెడల్పులో 75 మంది నెలల తరబడి బతికారు. 8 మంది ఆఫీసర్లు, 67 మంది సెయిలర్లు.

సోవియట్ యూనియన్ తయారీ. 1969 డిసెంబర్ 18న రీగాలో మన నేవీలోకి తీసుకున్నారు. ఇప్పుడు రీగా లాత్వియా దేశ రాజధాని. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. ఈలోగా తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 1,36,000 కిలోమీటర్లు. భూమిని మూడు సార్లు చుట్టేసి, ఇంకా కొంచెం మిగులుతుంది.

రిటైరైన సబ్‌మెరైన్‌ను బీచ్‌లోకి ఈడ్చుకు రావడం చిన్న పని కాదు. నీళ్లలోంచి ఇసుక మీదకు లాగి, అక్కడి నుంచి కాంక్రీట్ దిమ్మెల మీద కూర్చోబెట్టారు. సుమారు 600 మీటర్ల దూరం లాగడానికి, మ్యూజియంగా మార్చడానికి దాదాపు 5.5 కోట్లు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. ఆగస్టు 24 నుంచి జనాన్ని లోపలికి అనుమతించారు.

ఒక చివర ఎక్కి, ఇంకో చివర దిగాలి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంత లాంటి దారిలోంచి వంగి, కాలు ఎత్తి దూరాలి. పొడుగువాళ్లు తల కొట్టుకోవడం మామూలే. ఆ దారి అంత ఇరుకుగా ఎందుకంటే.. ఒక గదిలోకి నీళ్లు వస్తే తలుపు బిగించి మిగతావాటిని కాపాడాలి. తలుపు ఎంత చిన్నదైతే అంత త్వరగా బిగుస్తుంది, అంత ఒత్తిడి తట్టుకుంటుంది. నీళ్లొచ్చిన గదిలో మనుషులున్నా తలుపు వేయాల్సిందే. ఈ సంగతి చెప్పినప్పుడు లోపల నవ్వుతూ ఫొటోలు దిగే గుంపు కూడా ఒక్క క్షణం ఆగుతుంది.

ముందు భాగంలో ఆరు, వెనుక నాలుగు.. మొత్తం 10 టార్పెడో ట్యూబులు. 22 టార్పెడోలు తీసుకెళ్లొచ్చు. వాటికి బదులు 44 మైన్‌లు కూడా నింపుకోవచ్చు. టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు కనిపిస్తాయి. అదేమీ షో కోసం పెట్టింది కాదు, అక్కడ నిజంగానే పడుకునేవాళ్లు. స్థలం లేదు మరి.

ఇక ఇంజిన్ సంగతి. ఇది డీజిల్ ఎలక్ట్రిక్ రకం. మన ఇంట్లో ఇన్వర్టర్ గుర్తు తెచ్చుకోండి. కరెంట్ ఉన్నప్పుడు బ్యాటరీ చార్జ్ అవుతుంది, పోయినప్పుడు ఆ బ్యాటరీతో ఫ్యాన్ తిరుగుతుంది. సబ్‌మెరైన్‌లోనూ అంతే. డీజిల్ ఇంజిన్ నడవాలంటే గాలి కావాలి. నీళ్ల కింద గాలి ఉండదు. కాబట్టి పైకి వచ్చినప్పుడో, లేదా గాలి గొట్టం ఒక్కటే నీళ్ల పైకి పెట్టినప్పుడో డీజిల్ ఇంజిన్లు తిప్పి బ్యాటరీలు నింపుకోవాలి. కిందకు వెళ్లాక ఆ బ్యాటరీల మీదే ప్రయాణం. బ్యాటరీ అయిపోతే మళ్లీ పైకి రావాల్సిందే. శత్రువుకు దొరికేది సరిగ్గా అప్పుడే.

అసలు పాయింట్ ఇక్కడ ఉంది. పెద్ద పెద్ద లెడ్ బ్యాటరీలు చార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటకు పంపకపోతే లోపల పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పక్కనే టార్పెడోలు, మైన్‌లు. ఘాజీలో జరిగింది ఇదే అని వాదించేవాళ్ల ఆధారం ఈ లెక్కే. ఘాజీ కూడా డీజిల్ ఎలక్ట్రిక్ సబ్‌మెరైనే. కురుసురలో నడుస్తున్నప్పుడు కాళ్ల కింద బ్యాటరీల గది ఉంటుంది. ఒకసారి కిందకు చూడండి.

గైడ్లను వదలొద్దు

ఈ మ్యూజియంలో గైడ్లుగా ఉండేది రిటైర్డ్ నేవీ సిబ్బంది. గబగబా ముందుకు పొమ్మనే రద్దీ ఉంటుంది నిజమే, ముఖ్యంగా ఆదివారాలు, పండగ సెలవుల్లో. అయినా ఒక్క నిమిషం ఆగి ‘అంకుల్, స్నానం ఎలా చేసేవాళ్లు?’ అని పిల్లల చేత అడిగించండి. మంచినీళ్లకు ఎంత కటకటో, డీజిల్ వాసన బట్టలకు ఎలా పట్టుకుంటుందో, పగలూ రాత్రీ తేడా తెలియకుండా డ్యూటీలు ఎలా మారతాయో వాళ్లు చెబితేనే వినాలి. గోడ మీద బోర్డులకు అంత ఓపిక ఉండదు.

మధ్యలో కంట్రోల్ రూమ్ దగ్గర పెరిస్కోప్ ఉంటుంది. సినిమాలో చూసింది గుర్తొచ్చేది ఇక్కడే. సెట్‌లో కెమెరా పట్టడానికి గోడలు జరుపుకోవచ్చు. ఇక్కడ జరగవు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కుపోవాలి.

బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు, ఇరుకు గదుల్లో ఊపిరాడనట్లు అనిపించేవాళ్లు కాస్త ఆలోచించుకుని వెళ్లడం మంచిది. అమ్మమ్మ, తాతయ్యలను బలవంతంగా లోపలికి తోయొద్దు. బయట బెంచీ మీద సముద్రం గాలి వాళ్లకు ఎక్కువ హాయి. సోమవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోవడం బెటర్.

రోడ్డు దాటితే వేటగాడు

కురుసురకు ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 విమానం ఉంది. సైజు చూసి చాలామంది ఇదేదో ప్రయాణికుల విమానం అనుకుంటారు. కాదు, ఇది సబ్‌మెరైన్లను వేటాడే విమానం. అంటే రోడ్డుకు ఒక పక్క దాక్కునేది, ఇంకో పక్క వెతికేది. ప్లాన్ చేసి పెట్టారో, స్థలం దొరికి పెట్టారో గానీ ఈ జోడీ భలే కుదిరింది.

పొడవు 53 మీటర్లు, రెక్కల చివర నుంచి చివరకు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. 1988లో నేవీలో చేరింది. అదే ఏడాది మాల్దీవుల్లో తిరుగుబాటును అణచడానికి భారత్ చేపట్టిన ఆపరేషన్ కాక్టస్‌లో సముద్రంపై నిఘాకు వాడారు. 2017 మార్చి 29న తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలిలో ఈ విమానాలకు వీడ్కోలు చెప్పారు. 29 ఏళ్లలో 30,000 గంటలు ఎగిరినా ఒక్క ప్రమాదం కూడా జరగలేదన్నది నేవీ గర్వంగా చెప్పుకునే మాట.

ఆ విమానాల్లో ఒకటి 2017 ఏప్రిల్‌లో తానే ఎగురుకుంటూ విశాఖ వచ్చింది. తర్వాత భాగాలుగా విడదీసి బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ బిగించారు. డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

సముద్రం పైన ఎగురుతూ కింద ఉన్న సబ్‌మెరైన్‌ను ఎలా పట్టుకుంటారు? సోనోబాయ్ అనే గొట్టాలను నీళ్లలోకి జారవిడుస్తారు. అవి తేలుతూ, కింద మైకులు వేలాడదీసి, శబ్దాలు విని విమానానికి పంపుతాయి. ఇంజిన్ చప్పుడు, ప్రొపెల్లర్ చప్పుడు దొరికితే చాలు. అందుకే సబ్‌మెరైన్‌లో స్పానర్ కింద పడినా తంటానే. సినిమాలో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునే సీన్లు చూశారుగా, ఆ ఒక్క విషయంలో సినిమాకు ఫుల్ మార్కులు వేయొచ్చు.

ఇదే వరుసలో సీ హారియర్ యుద్ధ విమానాన్ని కూడా ప్రదర్శనకు పెట్టారు. నిట్టనిలువుగా దిగగలిగే ఈ జెట్‌లు 2016లో నేవీ నుంచి రిటైరయ్యాయి. 2024 జూన్‌లో రిటైరైన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ కూడా విశాఖ సందర్శకుల కోసమే నేవీ ఇచ్చింది. టైమ్ తక్కువగా ఉంటే ఈ రెండూ చూడకపోయినా ఫర్వాలేదు. టీయూ-142 మాత్రం వదలొద్దు.

స్మారకం దగ్గర ఎవరూ ఆగరు ఎందుకు?

అదే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ యుద్ధ స్మారకం ఉంది. 1971 యుద్ధ విజయానికి, అందులో పోరాడిన నావికులకు గుర్తుగా 1996లో తూర్పు నౌకాదళం కట్టించింది. చుట్టూ యుద్ధ విమానం, క్షిపణి, ట్యాంక్ లాంటివి ఉంటాయి. టికెట్ లేదు, క్యూ లేదు. బహుశా అందుకే చాలామంది దాన్ని ఫొటో బ్యాక్‌గ్రౌండ్‌గా వాడుకుని వెళ్లిపోతారు.

అక్కడ ఐదు నిమిషాలు నిలబడి పిల్లలకు చెప్పాల్సిన పేరు ఒకటుంది. ఐఎన్ఎస్ ఖుక్రీ. 1971 డిసెంబర్ 9న, అంటే ఘాజీ మునిగిన వార్తను భారత్ ప్రకటించిన అదే రోజు రాత్రి, గుజరాత్ పక్కన దీవ్ తీరంలో పాకిస్థాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోలతో ఖుక్రీని ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు.. మొత్తం 194 మంది చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తనవాళ్లను దింపే పనిలో ఉండి, ఓడతో పాటే మునిగిపోయారు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. దీవ్‌లో ఖుక్రీకి వేరే స్మారకం ఉంది.

ఘాజీ కథ మాత్రమే చెబితే సబ్‌మెరైన్ యుద్ధం అంటే మనం గెలిచిన ఆట అనిపిస్తుంది. ఐదారు రోజుల తేడాలో అటు 90 మందికి పైగా, ఇటు 194 మంది. ఎవరి ఇంట్లో టెలిగ్రామ్ వాళ్ల ఇంట్లో వచ్చింది. తెలుగులో ఖుక్రీ మీద పెద్ద సినిమా రాలేదు. ఓడిన రాత్రుల మీద సినిమా తీయడానికి బడ్జెట్ కంటే ధైర్యం ఎక్కువ కావాలేమో.

డిసెంబర్ 4ను నేవీ డేగా జరుపుకోవడానికి కారణం విశాఖ కాదు. ఆ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ రేవుపై చేసిన దాడి, ఆపరేషన్ ట్రైడెంట్. ఆ రోజు విశాఖ స్మారకం దగ్గర పూలమాలలు ఉంచుతారు. 2022లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సమక్షంలో ప్రధాన వేడుక విశాఖలోనే జరిగింది. ఆ తర్వాత అది ఏడాదికో ఊరు మారుతోంది. కాబట్టి యుద్ధనౌకల విన్యాసాలు చూడొచ్చని టికెట్లు బుక్ చేసుకునేవాళ్లు ముందు ఆ ఏడాది వేడుక ఎక్కడో కనుక్కోవాలి.

విశాఖ మీద బాంబులు పడ్డ రోజు

తాతయ్యలు, ముత్తాతలు చెప్పిన కథ ఒకటుంది. ఇప్పటి పిల్లలకు చేరలేదు. 1971 కంటే ముందే విశాఖ యుద్ధం చూసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగంపై జపాన్ వేసిన తొలి బాంబులు అవే. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో పలు వాణిజ్య నౌకలను జపాన్ ముంచేసింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. మూటాముల్లె సర్దుకుని జనం పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కూడా కొంతకాలం గుంటూరుకు తరలించారు. అప్పట్లో పడిన జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. డచ్ వాళ్ల కాలం నాటి బంగ్లా అది. సబ్‌మెరైన్ తెరిచేలోపు పొద్దున ఖాళీగా ఉండే టైమ్‌లో అక్కడికి వెళ్లొచ్చు.

సముద్రం లేని హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా నేవీ నడిపిన ఒక డిస్ట్రాయర్ పేరు ‘నిజాం’. హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గౌరవార్థం పెట్టిన పేరు అది. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగిపోయిన రోజు టోక్యో బేలో ఉన్న ఓడల్లో అదీ ఒకటి. హుస్సేన్ సాగర్ తప్ప వేరే నీళ్లు లేని ఊరి పేరు అంత దూరం ప్రయాణించింది.

వైజాగ్ వెళ్లే వీలు లేనివాళ్లు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లోని వీరుల సైనిక స్మారక్ దాకా వెళ్లొచ్చు. జూబ్లీహిల్స్ నుంచి మెట్రోలోనే వెళ్లిరావచ్చు, పరేడ్ గ్రౌండ్ స్టేషన్ ఉంది. కార్గిల్‌లో 1999లో ప్రాణాలిచ్చిన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్య, గల్వాన్‌లో 2020లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు.. ఇద్దరికీ మహావీర్ చక్ర వచ్చింది. పేర్లు తెలిసిన పిల్లలు ఎంతమంది?

మిగిలింది, పోయింది

‘మరి విక్రాంత్ ఎక్కడుంది నాన్నా?’ అని పిల్లలు అడిగితే జవాబు కాస్త చేదుగానే ఉంటుంది. ఏ ఓడ కోసం ఘాజీ అంత దూరం వచ్చిందో, ఆ పాత విక్రాంత్ ఇప్పుడు లేదు. ముంబైలో 2001 నుంచి 2012 వరకు మ్యూజియంగా ఉంది. నిర్వహణ భారమై, 2014లో తుక్కుకు వెళ్లింది. ఇప్పుడు నేవీలో ఉన్న విక్రాంత్ కొచ్చిలో కట్టిన కొత్త ఓడ, పేరు మాత్రమే అది. ఇంకో విమాన వాహక నౌక విరాట్‌ను విశాఖ తీరంలో మ్యూజియంగా మారుస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించింది. ఖర్చు దగ్గర ఆగిపోయింది. 2020 సెప్టెంబర్‌లో అది గుజరాత్‌లోని అలంగ్‌కు ముక్కలయ్యేందుకు చేరింది.

ఆ లెక్కన కురుసుర అదృష్టవంతురాలు. అయినా ఉప్పుగాలి ఊరుకోదు. ఇనుము రోజూ తుప్పు పడుతూనే ఉంటుంది, రంగులు వేస్తూనే ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినా అది నిలబడింది. ఆర్కే బీచ్ కోతకు గురవుతున్న సంగతి ఊరివాళ్లందరికీ తెలుసు. జనం కొనే టికెట్లు, నేవీ సాయం, ప్రభుత్వ సంస్థ నిర్వహణ.. ఈ మూడింట్లో ఏది ఆగినా విక్రాంత్ దారే.

ఘాజీ కూడా అక్కడే ఉంది. నేవీకి కొత్తగా వచ్చిన డీఎస్ఆర్‌వీ, అంటే మునిగిన సబ్‌మెరైన్ల సిబ్బందిని కాపాడే వాహనం, దాని శకలాలను గుర్తించినట్లు 2024లో వార్తలు వచ్చాయి. తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే. దాన్ని కదిలించలేదు. మునిగిన యుద్ధనౌకను అందులో పోయినవాళ్ల సమాధిగా చూడటం నావికుల ఆచారం, శత్రువైనా సరే.

సాయంత్రం కురుసుర దిగి బయటకు వస్తే ఎదురుగా అదే సముద్రం. హార్బర్ వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. ఆ రాత్రి రాజ్‌పుత్ బయటకు వచ్చిన దారి ఆ కొండ పక్క నుంచే.